ఆళ్ తేవై

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఏ వీధిలో నడిచినా గేటుకొక రేకు వేలాడుతుంటుంది. ‘ఆళ్ తేవై’ అని. అంటే మనుషులు కావలెను. కింద సుద్దముక్కతో టర్నరు, వెల్డరు, సీఎన్సీ ఆపరేటరు, హెల్పరు... ఆ వారం ఏది కొరతో అది. ఎందరు కావాలో కూడా రాస్తారు. మనిషి దొరకగానే తడిగుడ్డతో తుడిచేస్తారు. అరవైల్లో ఈ ఎస్టేటు పుట్టినప్పటి నుంచీ ఇక్కడి నియామక వ్యూహమంతా ఆ రేకే. దానికో డైరెక్టరు లేడు, డేటా విభాగం లేదు, ‘మా దీర్ఘకాలిక ప్రణాళికను నమ్మండి’ అన్న ప్రకటనా లేదు.

ఇక్కడ లోకల్ రైలెక్కితే చివరి స్టేషను మూర్ మార్కెట్. అక్కణ్నుంచి నడిచి వెళ్లే దూరంలో పెరియమేడు నెహ్రూ స్టేడియం. మా ఫుట్‌బాల్ జట్టు చెన్నైయిన్ ఎఫ్‌సీ ఆడేది అక్కడే. అభిషేక్ బచ్చన్, వీటా దానీ, ధోనీ ఓనర్లు. 2015లో ఒకసారి, 2018లో ఒకసారి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తిన జట్టు. ఆ గేటుకీ ఏటేటా ‘ఆళ్ తేవై’ వేలాడుతూనే ఉంది. కింద సుద్దముక్కతో ఏం రాయాలో మాత్రం ఇంతవరకు ఎవరికీ తోచినట్టు లేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారేమో. నా ఉద్యోగం అలాంటిది. చిన్న మెషిన్ షాపులో ఇన్‌స్పెక్షన్. పొద్దస్తమానం వెర్నియర్ పట్టుకుని ఏ ముక్క పనికొస్తుంది, ఏది తుక్కులోకి పోవాలి అని తేల్చడం. అవే కళ్లేసుకుని సాయంత్రం గ్యాలరీలో కూర్చుంటే నోరు ఊరుకోదు.

మా షాపుకి టర్నరు కావలసొస్తే ఏం జరుగుతుందో చెబుతాను. ఆ మధ్య ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, దాన్నిండా పెద్ద పెద్ద కంపెనీల సర్టిఫికెట్లు. మా మేస్త్రిది చిత్తూరు జిల్లా, ముప్పయ్యేళ్లుగా ఇక్కడే. ఫోల్డరు వైపు కన్నెత్తి చూడలేదు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్ ముక్క ఒకటి చేతికిచ్చి, ‘ఇరవై అయిదుకి దించు నాయనా, పాయింట్ జీరో టూ లోపల ఉండాల’ అని, టీ గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ముక్క ఎప్పుడొస్తుందా అని నేను చూస్తున్నాను. ఆయన మనిషిని చూస్తున్నాడు. చక్ దవడల్లో ఇనప రజను తుడిచి బిగించాడా, తుడవకుండానే బిగించేశాడా? ఆఖరి కోతకి ముందు కొలిచాడా, కోసేశాక కొలిచాడా? ముక్క నా బల్ల మీదికి వచ్చేసరికే తీర్పు అయిపోయింది. నేను మైక్రోమీటరు పెట్టి చూస్తే ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది. ‘సర్టిఫికెట్టు బాగుండాది, చెయ్యే బాగలేదు’ అన్నాడు మేస్త్రి, వచ్చినాయనకి కూడా టీ ఇప్పించి సాగనంపుతూ.

మాకైన ఖర్చు ఒక రాడ్ ముక్క, రెండు టీలు.

ఇప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ అనే పెద్ద ఫ్యాక్టరీ సంగతి వినండి. 2012లో పోగ్బా అనే కుర్రాణ్ని దాదాపు ఉత్తినే వదిలేసింది. 2016లో అదే కుర్రాణ్ని 8 కోట్ల 90 లక్షల పౌండ్లు పోసి తెచ్చుకుంది. 2022లో మళ్లీ ఉత్తినే వదిలేసింది. మా ఎస్టేటులో తుక్కు కొనేవాడు కూడా తను అమ్మిన తుక్కుని తనే పదింతలకి కొనడు. అదే 2022లో ఆంటొనీ అనే బ్రెజిల్ వాడికి తొమ్మిదిన్నర కోట్ల యూరోలు. మూడేళ్లకి స్పెయిన్ క్లబ్బు బేటిస్‌కి అమ్మితే చేతికొచ్చింది 2 కోట్ల 20 లక్షలు. ఇక సాంచో కథ మన సంప్రదాయానికి దగ్గరగా ఉంటుంది. యునైటెడ్ నుంచి చెల్సీ అతణ్ని ఏడాది అరువు తీసుకుంది, ఆ తర్వాత కొనుక్కుంటానని మాట ఇచ్చింది. ఏడాది కాపురం చేయించుకుని, 2025లో 50 లక్షల పౌండ్లు జరిమానా కట్టి మరీ పుట్టింటికి పంపేసింది. కట్నం విన్నాం, ఎదురుకట్నం విన్నాం, వద్దనడానికి ఇచ్చే కట్నం వినడం నాకిదే మొదలు.

లోకంలో మేస్త్రులే లేరని కాదు. లెస్టర్ అనే ఊళ్లో స్టీవ్ వాల్ష్ అనే ఆయన ఉండేవాడు. ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి మహ్రెజ్‌ని 5 లక్షల పౌండ్ల లోపు తెచ్చాడు. కాంటేని 56 లక్షలకి తెచ్చాడు. కింది లీగులో ఆడుకుంటున్న వార్డీని 10 లక్షలకి తెచ్చారు. 2016లో ఆ జట్టు ఇంగ్లండ్ చాంపియన్. వెంటనే ఎవర్టన్ వాళ్లు, ఆటగాళ్లెందుకు, మేస్త్రినే ఎత్తుకొస్తే పోదా అని వాల్ష్‌ని పట్టుకెళ్లారు. కోట్లకి కోట్లు ధారపోశారు, రెండేళ్లు తిరక్కుండా ఆయన్నీ ఇంటికి పంపారు. రాడ్ ముక్క చేతికిచ్చి చూసే ఓపిక ఆ షాపులో లేకపోతే ఒక్క మేస్త్రి ఏం చేస్తాడు?

సరే, సీమదొరల డబ్బు, సీమదొరల ఇష్టం. మన పెరట్లోకొద్దాం.

2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు మన దేశం మొత్తానికీ ఒకే నియామక వ్యూహం: వానప్రస్థం. యూరప్‌లో బూట్లు విప్పేసిన పెద్దమనుషుల్ని విమానమెక్కించి తేవడం. ఢిల్లీకి డెల్ పియరో, పుణెకి ట్రెజెగె, గోవాకి పిరెస్. చెన్నైకి కోచ్‌గానూ ఆటగాడిగానూ మాటెరాజి, ఆయన పిలిస్తే వచ్చిన నెస్తా. ప్రపంచకప్పు పతకాలు గుత్తులు గుత్తులుగా దిగాయి. మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఉన్నమాట చెప్పాలి, మా ఎలానో మాత్రం నిజంగా ఆడాడు. ఆ ఏడాది 8 గోల్స్ కొట్టి లీగులో అందరికన్నా ముందున్నాడు. ఫ్రీకిక్కుకి బంతి పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తే గ్యాలరీలో పల్లీలు నమలడం ఆగిపోయేది.

2015 ఇంకా బాగుంది. వరద ఊరిని ముంచిన డిసెంబరు అది. మా వీధిలో బురద కడగడం పూర్తికాక ముందే, సొంతూళ్లో ఆడాల్సిన సెమీఫైనలు పుణెలో ఆడి మా వాళ్లు ఫైనలుకి వెళ్లారు. కొలంబియా కుర్రాడు మెండోజా 13 గోల్స్. ఫైనల్లో గోవా గెలిచిందనుకున్న నిమిషంలో వాళ్ల గోల్‌కీపర్ కట్టిమణి బంతిని తన వలలోకే పంపాడు. మరుక్షణం మెండోజా ఇంకొకటి కొట్టాడు, 3-2. కట్టిమణి పేరు గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

2018లో బెంగళూరుని వాళ్ల సొంత గడ్డ మీదే 3-2తో ఓడించి రెండో కప్పు. ఆ జట్టు మధ్యలో చెన్నై కుర్రాడు ధన్‌పాల్ గణేశ్ ఉన్నాడు, ఇరవై ఏళ్ల అనిరుధ్ థాపా ఉన్నాడు, ముందు జేజే ఉన్నాడు. గెలిచిన జట్టుని ఏం చేస్తారు? మా షాపులో అయితే సెట్టింగు కుదిరిన మెషిను మీద చెయ్యి వెయ్యనివ్వం. ఇక్కడ మరుసటి ఏడాదే 18 మ్యాచుల్లో 9 పాయింట్లతో అట్టడుగు. అక్కణ్నుంచి మొదలైంది అట్లాసు చదువు.

2019లో లిథువేనియా నుంచి వాల్స్కిస్. 15 గోల్స్, గోల్డెన్ బూట్, జట్టు ఫైనలు దాకా. భేష్. ఏడాది తిరక్కుండా కోచ్ ఓవెన్ కాయిల్ జంషెడ్‌పూర్ వెళ్లిపోయాడు, వెంట వాల్స్కిస్ కూడా. 2020లో స్లొవేకియా వాడు. 2021లో కిర్గిజిస్తాన్ వాడొకడు, పోలండ్ వాడొకడు. వాళ్లతో కుదరక 2022 జనవరిలో మళ్లీ అదే వాల్స్కిస్! పోగ్బా కథ మన స్థాయిలో అన్నమాట. ఆ పైన క్రొయేషియా, ఘనా. 2023లో ఆస్ట్రేలియా. 2024లో కొలంబియా. ఏడో క్లాసు చదివే మా అబ్బాయికి ప్రపంచ పటం నేర్పడానికి ఖర్చు లేకపోయింది, అదొక్కటే లాభం. ఈ యాత్రలో 2020-21, 21-22, 22-23 మూడు సీజన్లూ ఎనిమిదో స్థానమే. కోచ్‌లు ముగ్గురు మారారు: లాస్లో, బాందొవిచ్, బ్ర్డారిచ్. ఎనిమిది మారలేదు. తర్వాత కాయిల్‌ని కూడా మళ్లీ తెచ్చారు. ఒక ఏడాది ఆరు, మరుసటేడు పదమూడు జట్లలో పదకొండు.

ఒక్కో కోచ్ వస్తాడు, తనకి తెలిసిన మనుషుల్ని తెచ్చుకుంటాడు, పోతాడు. కొత్త కోడలు వచ్చినప్పుడల్లా వంటింటి డబ్బాలన్నీ మారినట్టు. మధ్యలో గిన్నెలు ఖాళీ అయినప్పుడు మాత్రం ఊరివాడు గుర్తొస్తాడు. సయ్యద్ సాబిర్ పాషా ఇండియాకి ఆడిన చెన్నై మనిషి, ఏళ్ల తరబడి ఈ క్లబ్బులోనే సహాయకుడు. 2022లో బాందొవిచ్ వెళ్లాక మిగిలిన నాలుగు మ్యాచులకీ ‘తాత్కాలిక’ కోచ్. తాత్కాలికం అనే పదవి మన దేశంలో మన వాళ్ల కోసమే కనిపెట్టినట్టుంది.

పెంచిన వాళ్ల సంగతేమిటి? చాంగ్తే 2022 జనవరిలో ముంబై వెళ్లాడు, మరుసటి సీజనుకే భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ లెక్కలో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు. ఇక్కడ కెప్టెన్‌గా ఎదిగిన థాపా 2023లో మోహన్ బగాన్‌కి. వాళ్లని తప్పుపట్టను. టర్నరు చెయ్యి తిరిగాక పక్క షాపు వాడు వెయ్యి ఎక్కువిస్తానంటే మా మేస్త్రి కూడా ఆపడు. అయితే ఆ సాయంత్రమే గేటుకి రేకు కట్టి, ‘టర్నరు’ అని రాస్తాడు. ‘కొలంబియా’ అని రాయడు.

ఇప్పుడు ఏజెంట్ల మాట. వీళ్లు మనకి కొత్త కాదు, పెళ్లిళ్ల పేరయ్యలే. పెళ్లికొడుకు ఫొటో ఎప్పుడూ ఎడమ వైపు నుంచే తీసి ఉంటుంది. ఆటగాడి వీడియో కూడా అంతే. నాలుగు నిమిషాల వీడియోలో ముప్ఫై రెండు గోల్స్. ఒక్క తప్పు పాసు ఉండదు, ఒక్కసారి ఆయాసపడడు, వెనక్కి పరుగెత్తడం అనే ప్రసక్తే రాదు. పాట మాత్రం అదిరిపోతుంది. అది చూసి సంతకం పెట్టే వాళ్లని నేను తప్పు పట్టలేను. మా బావమరిది సంబంధం కూడా అలాగే కుదిరింది.

అభిమానులం మేమేమన్నా తక్కువ తిన్నామా? ఎస్టేటు టీ కొట్టు దగ్గర 2025 ఆగస్టు నెలంతా ఒకటే పంచాయతీ. 12 కోట్ల 50 లక్షల పౌండ్లకి ఇసాక్‌ని లివర్‌పూల్ కొనొచ్చా కూడదా అని, నెల జీతంలో సగం చిట్‌ఫండ్‌కి పోయే మనుషులు చొక్కాలు పట్టుకున్నంత పని చేస్తారు. ఎక్కడో ఇటలీలో కూర్చుని ఫాబ్రిజియో రొమానో ‘హియర్ వి గో’ అంటే ఇక్కడ మా వెల్డరుకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ‘ఎన్న సార్, నమ్మ టీమ్‌కి ఇంద వాట్టి యారు?’ అని ఒకడు అడుగుతాడు, మన జట్టుకి ఈసారి ఎవరొస్తున్నారు అని. ఎవరికీ తెలియదు. మళ్లీ ఇసాక్ దగ్గరికి పోతారు. నేనూ పోతాను, దాపరికమేముంది.

2025లోనే ఆ ప్రశ్నకి ఇంకొక అందం వచ్చింది. ఫెడరేషన్‌కీ లీగు నడిపే కంపెనీకీ 2010లో రాసుకున్న పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరులో ముగుస్తుందనగా, జులైలో లీగునే పక్కన పెట్టేశారు. ఆటగాళ్లని కొనే విండో తెరిచే ఉంది. ఆడటానికి లీగు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి 2026 ఫిబ్రవరిలో, ఒకరితో ఒకరు ఒక్కసారే తలపడే కురచ లీగుతో గండం గట్టెక్కించారు.

తెలుగువాడిని కనుక నాకు ఇంకొక పుండు ఉంది. 2019లో పుణె క్లబ్బు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. నేను అంబత్తూరులో ఉన్నా మనసు గచ్చిబౌలిలో ఒక కాలు పెట్టింది. మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ పక్కా మేస్త్రి. కుర్రాళ్లని ఏరాడు, 2021-22లో ఒగ్బెచే చేత 18 గోల్స్ కొట్టించాడు. ఫైనలు కేరళతో పెనాల్టీల దాకా పోతే మూడు పెనాల్టీలు ఆపింది ఎవరనుకుంటున్నారు? 2015లో తన వలలోకే బంతి పంపిన ఆ కట్టిమణే. అప్పుడు దేశమంతా నవ్విన మనిషిని పెట్టుకుని హైదరాబాద్ చాంపియన్ అయింది. నియామకం అంటే అదీ.

రెండేళ్లలో ఆ ఇల్లు కూలింది. జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే సంచి సర్దుకున్నారు. 2023-24 సీజను మొత్తంలో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచు. అదెవరి మీద? 2024 మార్చిలో, ఇక్కడ పెరియమేడులో, మా చెన్నైయిన్ మీద! ఆ రాత్రి ఆఖరి లోకల్లో తెలుగువాడిగా సంతోషించాలో చెన్నైవాడిగా ఏడవాలో తెలియక కొరట్టూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత చేతులు మారిన ఆ క్లబ్బుని 2025లో ఏకంగా ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. అదే ఢిల్లీలో ఉన్న పాత క్లబ్బు 2019లో భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆటగాళ్ల బదిలీ చూసి విసిగిన దేశం మనది. క్లబ్బులనే లారీ ఎక్కిస్తున్నాం.

ఎక్కించింది ఎక్కడినుంచో కూడా చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 54 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించిన ఊరది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం ఆయన చేతి చలవే. కలకత్తా క్లబ్బుల వాళ్లు మనుషుల కోసం దక్షిణాదికి వచ్చి గాలించిన కాలం అది. ఈస్ట్ బెంగాల్ వాళ్లు ‘పంచ పాండవులు’ అని నేటికీ చెప్పుకునే అయిదుగురు ఫార్వర్డులు, అప్పారావు, వెంకటేశ్, ధన్‌రాజ్, సాలే, అహ్మద్ ఖాన్, మన వైపు నుంచి వెళ్లినవాళ్లే. సికిందరాబాదు తులసీదాస్ బలరాం ఆ క్లబ్బుకే పోయి మహానుభావుడయ్యాడు. వీడియోలు లేని రోజులు. గ్రౌండు గట్టు మీద కూర్చుని చూసి తీసుకెళ్లారు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అంటారు. మా లోకల్ రైలు కిటికీలోంచి నేను రోజూ చూసే చెట్టు అది. అంబత్తూరులో ఎక్కితే పట్టరవాక్కం, కొరట్టూరు, విల్లివాక్కం, పెరంబూరు దాటి వ్యాసర్పాడి జీవా. చెన్నైలో ఫుట్‌బాల్ అంటే వ్యాసర్పాడి. సాయంత్రం అక్కడ ఎక్కే కుర్రాళ్లని చూస్తే తెలిసిపోతుంది. భుజాన సంచి, సంచి బయట తాడుతో కట్టిన బూట్లు, మోకాలి మీద ఎండిన మట్టి. ఒకడి బూటు ముందుభాగం ఊడొస్తుంటే గోనెసంచి దారంతో కుట్టుకుని ఉన్నాడు. ఎడమ బూటు. ‘ఎడమ కాలితో కొడతావా?’ అని అడిగాను. ‘అదొక్కటే వస్తది సార్’ అన్నాడు తమిళంలో, సిగ్గుపడుతూ. ఎడమ కాలి వాడు దొరక్క రెండు ఖండాలు గాలించే క్లబ్బు, ఆ రైలు దిగి నడిచిపోయే దూరంలో ఉంది.

మాటలు కాదు, లెక్క ఉంది. నందకుమార్ శేఖర్ చెన్నై కుర్రాడు. చెన్నై సిటీ క్లబ్బుకి ఆడి ఢిల్లీ వెళ్లాడు, ఆ క్లబ్బు లారీ ఎక్కితే దాంతోపాటే భువనేశ్వర్ వెళ్లాడు, అక్కణ్నుంచి 2023లో ఈస్ట్ బెంగాల్‌కి. ఆ ఆగస్టులో డ్యూరండ్ కప్పులో మోహన్ బగాన్ మీద ఒక్క గోలుతో గెలిస్తే ఆ గోలు అతనిదే. కలకత్తా సగం వీధుల్లోకి వచ్చింది. ఇక్కడ మా టీ కొట్టులో ఆ రాత్రి కూడా చర్చ ఇసాక్ లాంటి వాళ్ల మీదే నడిచి ఉంటుంది.

క్లబ్బు వారికి ఒక మనవి. వచ్చే విండో తెరిచేలోపు మీ స్కౌటుని ఒక్క సాయంత్రం ఈ లోకల్ ఎక్కించండి. టికెట్టు టీ కన్నా చవక. వ్యాసర్పాడి జీవాలో దిగి, గట్టు మీద కూర్చుని, వీడియో తీయకుండా చూడమనండి. కొలవడానికేమన్నా కావాలంటే నా వెర్నియర్ ఇస్తాను, సోమవారం పొద్దున ఎనిమిదికి తిరిగిస్తే చాలు.